ఒక్క ‘ఎస్’ కోసం నవ్వడం న్యాయమా?



ఈసారి గోడపత్రికకు కథ ఇస్తానని ఎడిటర్‌కు మాట ఇచ్చాను. కానీ నెల రోజుల నుంచి ఒక విషయం నా మనసులో ముల్లులాగా గుచ్చుకుంటున్నది. దాన్ని వదిలిపెట్టి కథ రాస్తే దొంగతనం చేసినట్టు ఉంటది. అందుకే ఈ వ్యాసం. చదివినాక కొందరికి కోపం రావచ్చు. ముందు నా తప్పే చెప్పుకుంటున్నాను గనుక మిగతా వారు కోపగించుకోవద్దని మనవి.

సంగతి ఇది. శనివారం ప్రార్థనలో ఒక్కొక్కరు ఇంగ్లీషులో ఐదు నిమిషాలు మాట్లాడాలి కదా. ఆ వారం మా క్లాసు మిత్రుని వంతు. ఉట్నూరు దిక్కు గోండు గూడెం వాడు. ముందురోజు రాత్రి మెట్ల మీద లైటు కింద కూర్చుని రెండు గంటలు బట్టీ పట్టిండు. తెల్లారి మైకు ముందు నిలబడి, “మై ఫాదర్ అండ్ మై మదర్ వర్క్స్ ఇన్ ద ఫీల్డ్” అన్నడు. వెనుక వరుసలో నుంచి ఒకడు “వర్క్స్ కాదురా, వర్క్!” అని అరిచిండు. అందరూ గొల్లుమని నవ్విన్రు. వాడు ఆగిపోయిండు. గొంతు సవరించుకుని “మై పేరెంట్స్ ఈజ్...” అన్నడు. ఈసారి ఇంకా పెద్ద నవ్వు. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని కిందికి దిగిండు. ఆ రోజు నుంచి మైకు దగ్గరికి రాలేదు. క్లాసులో సార్ ప్రశ్న అడిగినా, జవాబు తెలిసినా, లేచి నిలబడి ఊరుకుంటున్నడు.

వెనుక వరుసలో నుంచి అరిచింది నేనే.

ఆ మడిచిన కాగితం తర్వాత నేను అడిగి చదివిన. వాళ్ళ నాన్న ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని, అమ్మ బియ్యం మూట పట్టుకుని, వాన బురదలో నడిచి వాణ్ణి బస్సు ఎక్కించిన రోజు గురించి రాసిండు. మూడు వందల మందిమి కూర్చుని ఒక్క ‘ఎస్’ను విన్నాము, ఆ అమ్మానాన్నలను వినలేదు.

నా వంతు వచ్చింది

పదిహేను రోజులు తిరగలేదు. మా వింగులో బాత్‌రూము కుళాయిలు బందైనాయి. క్లాసు లీడర్‌ను కాబట్టి అర్జీ నేనే రాసిన. ఇంగ్లీషులో రాస్తే గట్టిగా ఉంటదని మిత్రులు అన్నరు. “ద స్టూడెంట్స్ ఆఫ్ దిస్ హాస్టల్ రిక్వెస్ట్స్ యూ” అని మొదలుపెట్టి, “వాటర్ ఆర్ నాట్ కమింగ్” అని ముగించిన. కింద 42 సంతకాలు. అర్జీ ఎర్ర ఇంకు గీతలతో తిరిగి వచ్చింది, దిద్ది తెమ్మన్నరు. మా వాళ్ళు చూసి, “42 మందిమి సంతకం పెడితే లీడర్ ఒక్కని క్రియ రాసిండురా” అని కడుపు పట్టుకుని నవ్విన్రు. దిద్దిన అర్జీ ఇచ్చినాక నాలుగో రోజు ప్లంబర్ వచ్చిండు. అప్పటిదాకా బకెట్లు మోసినం.

నవ్వు నా మీద పడినప్పుడు కదా దాని బరువు తెలిసింది! అప్పుడు ఇంగ్లీషు సార్ దగ్గరికి పోయి అడిగిన: సార్, మనం ఈ తప్పు ఎందుకు చేస్తము? తెలివి లేకనా? సార్ చెప్పినవీ, లైబ్రరీలో నేను చదివినవీ కలిపి కింద రాస్తున్నాను.

మనకు బహువచనం తెలియదా?

తెలుగులో ‘వెళ్ళు’ అనే ఒక్క క్రియను తీసుకోండి. నేను వెళ్తాను. నువ్వు వెళ్తావు. వాడు వెళ్తాడు. ఆమె వెళ్తుంది. మేము వెళ్తాము. వాళ్ళు వెళ్తారు. అవి వెళ్తాయి. లెక్కపెడితే ఏడు రూపాలు. ఎవరు చేస్తున్నారు, ఒకరా పదిమందా, మనిషా పశువా అన్నది క్రియ చివర చూస్తే తెలిసిపోతుంది. అయిదేళ్ళ పిల్లగాడు కూడా “ఎద్దులు వచ్చాడు” అనడు. మరి ఇంగ్లీషులోనో? ఐ గో, యూ గో, వుయ్ గో, దే గో, హీ గోస్. రెండే రూపాలు. ఏడింటిని ఏలుకునేవాళ్ళం రెండింటి దగ్గర తడబడుతున్నామంటే తెలివి తక్కువై కాదు, దారి వేరై.

మొదటి చిక్కు ఆ ‘ఎస్’ అక్షరమే. నామవాచకానికి ‘ఎస్’ చేరిస్తే బహువచనం: బాయ్, బాయ్స్. క్రియకు ‘ఎస్’ చేరిస్తే ఏకవచనం: బాయ్ రన్స్, బాయ్స్ రన్. ఒకే అక్షరం రెండు చోట్ల రెండు పనులు చేస్తుంది. మన మనసు ‘ఎక్కువమంది కదా, ఇక్కడ కూడా ఒక ఎస్ వేద్దాం’ అనుకుంటుంది. నా మిత్రుడు చేసింది అదే. నాన్న ఒకరు, అమ్మ ఒకరు, ఇద్దరు కలిస్తే బహువచనం అని వానికి తెలుసు. తెలుసు గనుకనే ‘ఎస్’ తగిలించిండు! తర్కం మంచిదే, అక్షరం మోసం చేసింది. ‘అండ్’తో ఇద్దరిని కలిపినప్పుడు క్రియకు ‘ఎస్’ తీసెయ్యాలి: మై ఫాదర్ అండ్ మై మదర్ వర్క్. గుర్తుకు ఒక మాట చెప్తున్నాను. మామూలు మాటల్లో ‘ఎస్’ ఒకటే ఉంటుంది. దాన్ని కర్త తీసుకుంటే క్రియకు లేదు, క్రియ తీసుకుంటే కర్తకు లేదు. (మెన్, చిల్డ్రన్ వంటివి ‘ఎస్’ లేకుండానే బహువచనాలు, వాటికీ క్రియలో ‘ఎస్’ రాదు.)

రెండో చిక్కు నీళ్ళది. తెలుగులో నీళ్ళు బహువచనం, పాలు బహువచనం, వడ్లు బహువచనం. “నీళ్ళు వస్తలేవు” అంటాము గాని “వస్తలేదు” అనము. అదే నా అర్జీలోకి దిగి “వాటర్ ఆర్” అయింది. ఇంగ్లీషులో వాటర్, మిల్క్, రైస్ లెక్కపెట్టలేనివి గనుక ఏకవచనాలు, వాటికి ‘ఈజ్’ రావాలి. దానికి ఎదురు, ‘కాటిల్’ చూడటానికి ఒకటిలాగా ఉన్నా బహువచనమే. గొడ్లు మేస్తున్నాయి: కాటిల్ ఆర్ గ్రేజింగ్. పీపుల్, పోలీస్ కూడా అంతే.

మూడో చిక్కు మర్యాదది. “సార్ వచ్చిండ్రు” అంటాము. సార్ ఒక్కరే, క్రియ మాత్రం పదిమందిది. గౌరవానికి బహువచనం. అందుకే చిన్న తమ్ముళ్ళు “సార్ ఆర్ కమింగ్” అంటారు. అది తప్పే, కానీ ఆ తప్పులో వాళ్ళ అమ్మ నేర్పిన మర్యాద ఉంది.

ఇక గోండి సంగతి. తెలుగులో ఒక ఆడమనిషి వస్తే ‘వచ్చింది’, ఆవు వచ్చినా ‘వచ్చింది’. కానీ ఆడవాళ్ళు పదిమంది వస్తే ‘వచ్చారు’ అని మగవాళ్ళతో కలుపుతాము. గోండిలో అట్లా కాదు, బహువచనంలో కూడా మగవాళ్ళకు ఒక రూపం, ఆడవాళ్ళకూ మిగతా వాటికీ ఇంకొక రూపం ఉంటుంది. అంటే మా మిత్రుడు గోండి లెక్క ఒకటి, తెలుగు లెక్క ఒకటి నేర్చి, ఇప్పుడు మూడోది నేర్చుకుంటున్నడు. 2011 జనాభా లెక్కల్లో గోండి మా మాతృభాష అన్నవాళ్ళు దాదాపు 30 లక్షల మంది. వ్యాకరణం లేని భాష కాదది. మన భద్రిరాజు కృష్ణమూర్తి గారు పెద్ద భాషా శాస్త్రవేత్త, హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా చేశారు. ఆయన కొండ దొరల కూబి భాషకు వ్యాకరణం రాస్తే, ఆ పుస్తకం 1969లో ఈ హైదరాబాదులోనే అచ్చయింది. అంత పెద్దాయన మన గూడేల్లో మాట్లాడే మాటను కూర్చుని విని, అందులో సూత్రం వెతికారు. మనం మాత్రం పక్క బెడ్డు వాని మాట వినకుండా నవ్వుతున్నాము.

కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ?

నా అర్జీలో మొదటి తప్పుకు సార్ చెప్పిన కారణం నాకు బాగా నచ్చింది. తెలుగులో “ఈ హాస్టలు విద్యార్థులు కోరుతున్నారు” అంటాము. అసలు కర్త ‘విద్యార్థులు’ చివర ఉంటుంది, క్రియ పక్కనే. ఇంగ్లీషు దీన్ని తిరగేస్తుంది. ‘స్టూడెంట్స్’ ముందుకు పోతుంది, ‘ఆఫ్ దిస్ హాస్టల్’ మధ్యలో దూరుతుంది. క్రియ రాసే సమయానికి నా కన్ను పక్కనున్న ‘హాస్టల్’ మీద పడింది. హాస్టలు ఒకటే కదా అని ‘రిక్వెస్ట్స్’ రాసిన. కానీ అర్జీ పెట్టింది హాస్టలు గోడలు కాదు, లోపల ఉన్న మేము. ద స్టూడెంట్స్ ఆఫ్ దిస్ హాస్టల్ రిక్వెస్ట్. సూత్రం ఏమిటంటే, ‘ఆఫ్’ వచ్చినప్పుడు దాని వెనక ఉన్నదాన్ని వేలితో మూసి, ముందున్నదాన్ని చూసి క్రియ రాయాలి. “వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ సిక్” అనేది ఇందుకే: జ్వరం వచ్చింది ఒక్కనికే.

ఇంకొక మెలిక. “ద వార్డెన్, అలాంగ్ విత్ ద స్టూడెంట్స్” అంటే క్రియ వార్డెన్ సార్‌ది ఒక్కరిదే, ‘ఈజ్’. విద్యార్థులు వెంట వచ్చినవాళ్ళు మాత్రమే. ‘ఎవ్రీ’, ‘ఈచ్’ వస్తే ఎంతమంది ఉన్నా ఒక్కొక్కరినే లెక్కపెట్టాలి: ఎవ్రీ బాయ్ హాజ్ ఎ ప్లేట్. ఇక ‘ఎ నంబర్ ఆఫ్ బాయ్స్’ అంటే చాలామంది గనుక ‘ఆర్’. ‘ద నంబర్ ఆఫ్ బాయ్స్’ అంటే ఆ సంఖ్య గనుక ‘ఈజ్’. మొన్న పరీక్షలో దీనికి సగం క్లాసుకు మార్కు పోయింది.

మన కంచన్‌బాగ్ బోర్డులు

సూత్రాల కోసం దూరం పోనక్కరలేదు. గేటు దాటి బస్టాపు దాకా నడిస్తే చాలు. భారత్ డైనమిక్స్ లిమిటెడ్ 1970లో పుట్టింది. ‘డైనమిక్స్’ చివర ఎస్ ఉంది గదా, బహువచనమా? కాదు. మ్యాథమెటిక్స్, ఫిజిక్స్ లాగా అదొక శాస్త్రం పేరు. పైగా ఇక్కడ ఒక కంపెనీ పేరు. “భారత్ డైనమిక్స్ మేక్స్ మిస్సైల్స్” అనాలి.

మిధాని, అంటే మిశ్ర ధాతు నిగమ్, 1973 నాటిది. మిశ్ర ధాతువు అంటే కొన్ని లోహాలు కరిగి కలిసిపోయింది. “నికెల్ అండ్ క్రోమియం ఆర్ మెటల్స్”, రెండు వేరువేరు గనుక ‘ఆర్’. కరిగి కలిసినాక “ది అల్లాయ్ ఈజ్ స్ట్రాంగ్”. మన మెస్సులో కూడా ఇదే: “రైస్ అండ్ దాల్ ఈజ్ రెడీ” అంటే పప్పన్నం ఒక్క వంటకం. రెండు గిన్నెల్లో వేరుగా పెడితే ‘ఆర్’ అనవచ్చు.

అబ్దుల్ కలాం గారు 1982లో ఇక్కడి డి.ఆర్.డి.ఎల్.కు డైరెక్టరుగా వచ్చారు. మరుసటి ఏడు 1983లో క్షిపణుల కార్యక్రమం మొదలైంది. అందులో అయిదు: పృథ్వి, అగ్ని, ఆకాశ్, త్రిశూల్, నాగ్. ఇప్పుడు ఖాళీ పూరించండి: “ద ప్రోగ్రామ్ ఆఫ్ ఫైవ్ మిస్సైల్స్ ____ స్టార్టెడ్ ఇన్ 1983.” వేలితో మూయండి. ‘వాజ్’. కార్యక్రమం ఒకటే, క్షిపణులే అయిదు.

ఇదే బస్తీలో ఇంకొక పాఠం ఉంది. చాయ్ దుకాణం దగ్గర “లోగాఁ”, “బాతాఁ”, “కితాబాఁ” అంటారు. ఢిల్లీ దిక్కు ఉర్దూలో అయితే లోగ్, బాతేఁ, కితాబేఁ. మన హైదరాబాదు వాళ్ళ బహువచనం విని అక్కడివాళ్ళు నవ్వుతారట. అది తప్పు కాదు, దక్కనీ సూత్రం. 1591లో ఈ ఊరు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం రాసింది ఈ దక్కనీలోనే. రాజు నోట ఉంటే కవిత్వం, పేదవాని నోట ఉంటే నవ్వులాట. ఇదేం న్యాయం?

ఇంగ్లీషు వాళ్ళకూ ‘మీరు’ ఉంది

ఇంగ్లీషు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఒకప్పుడు వాళ్ళ క్రియలకు కూడా చాలా తోకలు ఉండేవి. అవన్నీ రాలిపోయి ఈ ఒక్క ‘ఎస్’ మిగిలింది. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో ఈ ‘ఎస్’ కూడా కనపడదు. ‘గోస్’ బదులు ‘గోయెత్’ అని ఉంటుంది.

మరి ‘యూ’ సంగతి? పాతకాలంలో ఒక్కణ్ణి ‘దౌ’ అనేవాళ్ళు, పదిమందిని ‘యూ’ అనేవాళ్ళు. పెద్దవాళ్ళకు మర్యాదగా ‘యూ’ అనడం మొదలై, పోను పోను ‘దౌ’ మూలకు పడింది, అందరూ ‘యూ’ అయినారు. క్రియ మాత్రం పాత బహువచనమే ఉండిపోయింది. అందుకే ఒక్క మనిషిని కూడా “యూ ఆర్” అంటాము, “యూ ఈజ్” అనము. ఇది మన “మీరు వచ్చారు” లాంటిదే గదా! “సార్ ఆర్ కమింగ్” అన్న చిన్న తమ్ముడు, ఇంగ్లీషు వాళ్ళు ఒకప్పుడు నడిచిన దారిలోనే నడిచిండు. వాళ్ళు ‘యూ’ దగ్గర ఆగిన్రు, వీడు ఒక అడుగు ఎక్కువ వేసిండు.

అమెరికా పేరు కూడా చూడండి. యునైటెడ్ స్టేట్స్ అంటే కలిసిన రాష్ట్రాలు. 1787లో రాసిన వాళ్ళ రాజ్యాంగంలో ఆ పేరుకు బదులు ‘దెమ్’ అని బహువచనం వాడారు. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన సవరణలో కూడా ‘దెయిర్’ అనే ఉంది. అంతర్యుద్ధం అయిపోయినాక, మేమంతా ఒక్క దేశం అనే భావన బలపడుతున్నకొద్దీ ‘ఈజ్’ స్థిరపడింది. క్రికెట్ టీము సంగతీ ఇంతే. బ్రిటిష్ వాళ్ళు “ద టీమ్ ఆర్” అని కూడా అంటారు, అమెరికా వాళ్ళు “ద టీమ్ ఈజ్” అంటారు. ఇంత పెద్దవాళ్ళకే ఒకటా, చాలానా అని సందేహం వచ్చింది. తొమ్మిదో తరగతి వాడు మైకు ముందు తడబడితే కొంపలు మునుగుతాయా?

నవ్వకపోతే నేర్చుకోరా?

కొందరు మిత్రులు అంటారు: “నవ్వితేనే సిగ్గుపడి నేర్చుకుంటరు. బయట ఎవరూ క్షమించరు.” రెండో మాట నిజమే. పరీక్షలో మార్కు పోతుంది. ఉద్యోగం దరఖాస్తులో తప్పుంటే చదివేవాడు మనల్ని తక్కువగా చూస్తడు. అందుకే నేను సూత్రం వద్దనడం లేదు, దిద్దవద్దని అసలే అనడం లేదు. ఎర్ర ఇంకు నాకు మేలే చేసింది. కానీ నవ్వు నేర్పుతుందన్న మాట మాత్రం అబద్ధం. నా మీద నవ్వినప్పుడు నేను ‘ఎస్’ నేర్చుకోలేదు, తల దించుకోవడం నేర్చుకున్న. ‘ఎస్’ నేర్పింది సార్ కూర్చోబెట్టి చెప్పిన పది నిమిషాలు. నా మిత్రునికి నేను నేర్పిందేమిటి? నోరు మూసుకోవడం. వాడు ఇప్పుడు ఒక్క తప్పు కూడా చేయడం లేదు, ఎందుకంటే ఒక్క మాట కూడా మాట్లాడడం లేదు.

నా మనవి

మిత్రులకు: శనివారం మాట్లాడేవాడు ముగించేదాకా ఎవరూ నవ్వకూడదు, మధ్యలో దిద్దకూడదు. అయిపోయినాక ఒకరు, నవ్వకుండా, రెండు తప్పులు మాత్రం చెప్పాలి. ఈ గోడపత్రిక పక్కన ఒక చార్టు పెడదాం. పైన ఇంగ్లీషు వాక్యం, కింద అదే వాక్యం తెలుగు, గోండి, కోయ, లంబాడీ భాషల్లో ఆయా ఇండ్ల పిల్లలే రాయాలి. ఎవరి భాషలో క్రియ ఎట్లా మారుతదో కంటితో చూస్తే, తప్పు ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది.

వార్డెన్ సార్లకు: మా అర్జీలు తప్పకుండా దిద్దండి సార్. కానీ ముందు కుళాయి, తర్వాత క్రియ. అవసరమైన అర్జీ తెలుగులో రాసినా తీసుకోమని ప్రార్థన. తెలుగులో రాస్తే “నీళ్ళు వస్తలేవు” అని ఒక్క తప్పు లేకుండా రాస్తాము.

నా మిత్రునికి: నీ అనుమతితోనే ఇది రాసిన, నీ పేరు రాయలేదు. వచ్చే శనివారం వంతు నాది. నా వంతు నీకు ఇస్తున్న. ఆ కాగితం జేబులోంచి తియ్యి. వాక్యం ఇద్దరం కలిసి దిద్దినం గదా: “మై ఫాదర్ అండ్ మై మదర్ వర్క్ ఇన్ ద ఫీల్డ్.” ఈసారి వెనుక వరుసలో నేను ఉండను, ముందు వరుసలో ఉంటా.

ఈ వ్యాసంలో తప్పులుంటే కింద ఖాళీ స్థలం వదిలిన. పెన్సిలుతో దిద్దండి. నవ్వు వస్తే మెస్సు దాకా ఆపుకోండి.

ఇట్లు,
మీ మిత్రుడు,
తొమ్మిదో తరగతి లీడర్